నాలుగు గదుల తీగ

నా చిన్నప్పుడు ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో ఉండేవాళ్ళమని చెబితే అందరూ కంపెనీ క్వార్టర్లే అనుకుంటారు. మావి క్వార్టర్లు కావు. వాటి ప్రహరీ అవతల, ఎర్రనీళ్ళ కాలవ దాటాక, కాంట్రాక్టరు తన కూలీల కోసం వేయించిన రేకుల గదులు. వరసగా నాలుగు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇనుపరాయి లోడింగు పనికి వచ్చినవాడు. కూలీల మీద పెత్తనం చేసే మున్షీ ఆ గదులకు దీపాలు పెట్టించాడు.

గదికొక బల్బు, గదికొక స్విచ్చి. అన్నీ వెలిగినా, ఆ బల్బులు పండుమిరప రంగులో మినుకుమనేవి. పైగా ఒక గదిలో ఆర్పితే నాలుగు గదులూ చీకటైపోయేవి. కరెంటంటేనే అంత కాబోలు అనుకున్నాం. అందుకని మా వరసలో ఒక అలవాటు పడింది. అందరికంటే ఆఖరున తిన్నవాళ్ళు గరిటెతో రేకుగోడ మీద కొట్టాలి. ఆ చప్పుడు వినబడ్డాకే ఎవరైనా దీపం ఆర్పాలి.

ఆ వానాకాలం చివరి గదిలోకి కోంటా వైపు నుంచి ఒక జంట వచ్చింది. వాళ్ళకు నెలల పిల్ల. గరిటె సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. వెలుతురుకు పిల్ల నిద్రపోవడం లేదని ఆమె దీపం ఆర్పింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ గంజి వారుస్తోంది. చీకట్లో గిన్నె జారి, వేడి గంజి పాదం మీద పడింది.

“నీ పిల్ల పడుకోడానికి మా కాళ్ళు కాలాలేటే?” అని అమ్మ అరిచింది.

“నా ఇంట్ల దీపం నేను ఆర్పుకున్న. మీ ఇంట్లది ఆరితే నా తప్పేందక్కా?” అంది ఆమె ఏడుపు గొంతుతో.

ఆ మాటను అందరూ పొగరు కింద జమకట్టారు. మున్షీ వచ్చి, మరోసారి గొడవైతే గది ఖాళీ చేయిస్తానని వాళ్ళను బెదిరించి పోయాడు. గది పోతే పని కూడా పోతుంది. ఆ వానల్లో పసిపిల్లతో ఎక్కడికి పోతారు?

ఆమె అడిగింది నిజంగా ప్రశ్నేనని మా పక్క గది అక్క ఒక్కతే అనుకుంది. అక్క అప్పుడు పన్నెండో తరగతి సైన్సు చదువుతోంది. మర్నాడు టార్చి సెల్లులూ, మూడు చిన్న బల్బులూ, తీగముక్కలూ ముందేసుకుని నన్ను పిలిచింది. ముందు మూడు బల్బులనూ ఒకే తీగ మీద, ఒకదాని వెనక ఒకటి కలిపింది. మూడూ మసకగా వెలిగాయి. “ఒకటి తీసి సూడు” అంది. తీశాను. మిగిలిన రెండూ ఆరిపోయాయి. కరెంటు నడిచే దారి ఒక్కటే, అది ఎక్కడ తెగినా అందరికీ తెగినట్టేనని చెప్పింది. సెల్లు బలాన్ని మూడూ పంచుకోవాలి కాబట్టి ఆ మసక. అది సీరీస్.

తర్వాత ఒక్కో బల్బుకూ సెల్లు రెండు కొసల నుంచీ విడివిడిగా తీగలిచ్చింది. మూడూ నిండుగా వెలిగాయి. ఒకటి తీసినా మిగతావి చెక్కుచెదరలేదు. ఇది పారలల్, ఎవరి దారి వాళ్ళది, కాకపోతే సెల్లు తొందరగా అయిపోతుంది అంది.

“మరి మనకిలా ఎందుకు పెట్టలేదక్కా?”

“సీరీసైతే కరెంటు తక్కువ కాలుద్ది. ఎవరైనా దొంగతనంగా హీటరు పెట్టినా ఏడెక్కదు. ఆ మున్షీ కాపలా కాయక్కర్లేదు కూడాను. మనల్ని మనమే కాసుకుంటన్నాం గదేటి” అని అక్క నవ్వింది. అది సరదా నవ్వు కాదని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

ఆదివారం మున్షీ ఊళ్ళో లేడు. అక్క నాలుగు గదులవాళ్ళనూ ఒప్పించింది. మా నాన్న ఫ్యూజు తీసి పక్కన పెట్టాడు. ఉన్న తీగకే మరికొంత అతికి, రెండు తీగలను ఈ కొస నుంచి ఆ కొసకు లాగి, ప్రతి బల్బునూ ఆ రెంటి మధ్య కలిపింది అక్క. దీపాల వేళకు మా అమ్మ చీర మీద పువ్వులున్నాయని తెలిసింది. కాసేపటికి చివరి గది చీకటైంది. మాది వెలుగుతూనే ఉంది. అమ్మ గడపలో నిలబడి ఆ గదినీ మా బల్బునూ మార్చి మార్చి చూసింది. ఆ పిల్లతల్లితో మాట్లాడలేదు గాని, నా చేత గిన్నెడు పులుసు పంపింది.

మర్నాడు సాయంత్రం మున్షీ ఆ వెలుగును దూరం నుంచే చూశాడు.

“ఎవడ్రా లైను ముట్టుకుంది? చోరీ కేసు పెట్టిస్తా, బతావో, చెప్పండి!”

“నేనే...” అంటూ అక్క ముందుకొచ్చింది. వాళ్ళ నాన్న రెక్క పట్టుకుని లోపలికి లాగేశాడు. “ఆడపిల్ల చేసిందంటే నేను నమ్మాలా?” అని మున్షీ నవ్వాడు. అతని చూపు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి మా నాన్న దగ్గర ఆగింది. అప్పుడు మా అమ్మ చెయ్యి లేచింది, చివరి గదివైపు.

“ఆ కొత్తోళ్ళొచ్చినకాణ్ణించే బాబూ ఇదంతా.”

ఎవరూ కాదనలేదు.

వాళ్ళు వానలోనే వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆమె మా గది ముందు ఆగింది. “ఒక్క రాత్రన్నా మంచిగ పడుకున్నదక్కా నా పిల్ల” అంది. మున్షీ మనిషి వచ్చి తీగను మళ్ళీ పాతపద్ధతిలో కలిపి పోయాడు. లేనిపోనిది తెచ్చిపెట్టిందని ఆ వరసలో అందరూ అక్కతో మాట్లాడటం తగ్గించారు.

తర్వాత నేను కాలేజీలో ఆ సర్క్యూట్లు గీసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఇప్పుడు జగదల్‌పూర్‌లో అద్దె ఇల్లు, ఒళ్ళో నెలల కూతురు. ఆ రోజు ఎందుకలా చేశావని అమ్మను ఏదో ఒక రోజు అడగాలని ఇన్నేళ్ళూ అనుకునేదాన్ని. ఇది పుట్టాక ఆ ఆలోచన మానుకున్నాను. అమ్మ చేసింది తప్పే. కాని ఆ చెయ్యి లేవకపోతే వానలో నడవాల్సినవాళ్ళం మేమే. వాకిట్లో ఇంటి ఓనరు గొంతు పెంచినప్పుడల్లా, నా చెయ్యి ఎవరి వైపు లేస్తుందోనని భయం వేస్తుంది. పిల్లను రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంటాను.