బాతులు తిన్న వేరుశెనగలు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినడం మా ఆవిడకు అలవాటు. మీరూ అలాగే చదవండి. మా పెరట్లో చినుకు పడితే నేను తుపానని రాస్తాను. కాని ఈ ఉదయం వేరుశెనగల డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలిన ఆ వాసన, మూలన పడేసిన తడి గోనెసంచి వాసన, నా కల్పన కాదు. అది తగిలితే చాలు, మీరెవరూ ఎరగని సావిత్రి టీచరు నా వెనక నిలబడి "నోట్లో వేసుకోకు, ముందు చూడు" అన్నట్టే ఉంటుంది.

అప్పట్లో మేం పోర్ట్‌బ్లెయిర్ శివార్లలో, బతు బస్తీలో ఉండేవాళ్లం. నేను హాడో రేవులో గుమాస్తాని. పక్కింట్లో టీచరు, పిల్లలకు సైన్సు చెప్పేవారు. ఏడడుగుల మనిషి. ఆమె అనుమానించని వస్తువు ఈ దీవుల్లో లేదు. పాలు, ఉప్పు, కిరసనాయిలు, అన్నీ ఆమె ముక్కు ముందు హాజరు వేయించుకోవలసిందే. గుడిలో పెట్టిన కొబ్బరిముక్కనైనా వెలుతురుకు తిప్పి చూశాకే కళ్లకద్దుకునేవారు.

ఓడ వచ్చిందంటే ఇరుగుపొరుగు కలిసి విశాఖపట్నం నుంచి ఒక బస్తా తెప్పించుకుని పంచుకోవడం మా ఆనవాయితీ. ఆ వానాకాలం ఓడ ఆలస్యమై, మా వేరుశెనగల బస్తా అడుగున తడిసింది. నేనూ, ఎదురింటి అప్పన్నా చేపలు ఎండేసే పట్టా మీద వాటిని ఆరబోశాం. అప్పన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వేట చేసుకునే మనిషి. పచ్చగా బూజు పట్టినవి ఏరి తన బాతులకు వేశాడు. బాగున్నవి చెరిసగం తీసుకున్నాం. సముద్రం దాటి వచ్చిన సరుకుని పారేయడానికి మాలో ఎవరికీ చేతులు రావు.

కొన్నాళ్లకు బాతులు మేత మానేసి, తూలుతూ, ఒక్కొక్కటే పడిపోయాయి. నలభై బాతులు! అప్పన్న అనుమానం తిన్నగా నా గుమ్మంలోకి వచ్చింది.

"నా బాతులు అరుస్తన్నాయని గోల పెట్టినోడివి నువ్వే గదా? ఏటెట్టావు ఆటికి? సచ్ బోలో, భయ్యా, నిజం సెప్పు!"

"నేనా? వాటి దగ్గరికి రావాలంటేనే నాకు భయం!"

"బయమున్నోడే గదా మందెట్టేది!"

బస్తీ అంతా నన్ను ఓరగా చూసింది. నేనూ తక్కువ తినలేదు. అప్పన్న పగ తీర్చుకుంటాడేమోనని మంచినీళ్ల కుండకు మూత పెట్టి, మూత మీద రాయి కూడా పెట్టాను.

అప్పుడొచ్చారు టీచరు. మా మొహాల వైపు చూడనైనా లేదు.

"మనుషుల సంగతి తర్వాత. బాతులేం తిన్నాయి?"

"ఏరేసిన సెనగలమ్మా. మంచియి మేం తింతన్నాం గదా!"

ఆమె నావైపు తిరిగారు. "నీ వాటా ఏదీ?"

"కడిగి, ఎండబెట్టి, మాడేలా వేయించామండీ. బూజు జాడే లేదు."

"బూజు పోతుంది బాబూ. అది వదిలిన విషం పోదు. కంటికి కనపడదు, వేపుడుకి లొంగదు. కాలేయాన్ని పట్టుకుంటుంది. బాతులు తొందరగా పడిపోతాయి, మనుషులకు ఏళ్లు పట్టొచ్చు. పిల్లలైతే..."

నేను లోపలికి చూశాను. నాలుగేళ్ల మా అమ్మాయి గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక పలుకు పెదవుల దాకా వచ్చింది. టీచరు గుమ్మం మీంచి ఒక్క దూకు దూకి గిన్నె లాగేశారు. దాని ఏడుపు హాడో రేవు దాకా వినిపించింది.

అప్పన్న ఇంటికి వెళ్లి తన వాటా తెచ్చాడు. కోళ్లు కెలకనంత లోతు గొయ్యి తీసి రెండు వాటాలూ పూడ్చాం.

"ఏటీ అనుకోకు భయ్యా," అన్నాడు చేతులు దులుపుకుంటూ. మళ్లీ ఆగి, "అయినా, నా బాతులు అరిస్తే నీకేటి?" అన్నాడు.

మా అమ్మాయి అంతకుముందే ఎన్ని తిందో అన్న అనుమానం టీచర్ని వదల్లేదు. ఏడాదిపాటు వారం వారం వచ్చి, దాని కనురెప్ప కిందికి లాగి, కన్ను పచ్చబడిందేమోనని చూసేవారు. అంత ప్రేమగా అనుమానించే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఇప్పుడామె లేరు. ఎవరి మీదైనా నా వేలు లేవబోతే, ముందు దాన్ని డబ్బా వైపు తిప్పుకుంటాను. ఈ ఉదయం డబ్బా మొత్తం గోతిలో పోశాను.

ఇక కల్పించినవి ఒప్పుకుంటాను. బాతులు నలభై కావు, ఆరు. టీచరు నా భుజం దాకా వచ్చేవారు, అంతే. దూకడం అబద్ధం. ఆమెకు మోకాళ్ల నొప్పులు, నడిచే వెళ్లారు. పెదవుల దాకా వచ్చిన పలుకు సంగతి మాత్రం పెంచి రాసింది కాదు, తగ్గించి రాసింది. అది అప్పటికే నోట్లో ఉంది. టీచరు వేలు పెట్టి తీశారు.