లెక్కపెట్టని మాత్రలు

కరోనా సద్దుమణిగి ఐటీ కంపెనీలు ఉద్యోగులను మళ్లీ ఆఫీసులకు పిలుస్తున్న రోజుల్లో నేను కొత్తగూడ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చీఫ్ ఫార్మసిస్టును. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఆ వేసవిలో మా సైకియాట్రిస్టు డాక్టర్ రఘురాం గారు నాకు ఇంకో పని అప్పగించారు. ఆందోళన తగ్గడానికి ఏళ్ల తరబడి మాత్రలు మింగి, ఇప్పుడు వాటిని మానుకోవాలనుకుంటున్న ఏడుగురిని ప్రతి శనివారం ఉదయం ఒకచోట కూర్చోబెట్టాలి. మందు ఎంత తగ్గించాలో డాక్టరు నిర్ణయిస్తారు. మందు ఇవ్వడం, లెక్క చూడడం నా వంతు. ధైర్యం ఒకరికొకరు చెప్పుకోవాలి.

ఈ మాత్రలు డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడదు. ఇచ్చిన ప్రతి స్ట్రిప్పూ రిజిస్టరులో ఎక్కాలి. అలవాటుపడిన శరీరానికి వీటిని ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే మెట్టు మెట్టుగా, నెలల తరబడి దింపుతారు. ఒక మెట్టు మీద ఒళ్లు మొరాయిస్తే డాక్టరు అక్కడే ఆపుతారు. నేను అంతకుముందు మోతాదు లెక్కన వారానికి సరిపడా మాత్రలే కవరులో పెట్టి ఇచ్చేదాన్ని; తగ్గించినవారికి కొన్ని మిగలాలి. శనివారం రాగానే ఎవరి కవరు వాళ్లు తిరిగి ఇవ్వాలి, మిగిలినవి లెక్కపెట్టాకే మాటలు మొదలుపెట్టాలి. ఆ నియమం నేను పెట్టిందే.

ఏడుగురినీ జోడీలుగా కలిపాం. మిగిలిన ఒకరు డాక్టరు గారి జోడీ. జోడీ ఫోను చేస్తే ఏ పనిలో ఉన్నా ఎత్తాలి. మణికొండలో ఉండే చంద్రశేఖర్‌కు ఖాజాగూడ యాదమ్మ జోడీ అయింది. అతనిది కడప జిల్లా, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. ఆమె కర్రీ పాయింట్ నడుపుతుంది, భర్త చనిపోయిన ఏడాది మొదలైన మాత్ర పదేళ్లుగా వదల్లేదు. వాళ్లిద్దరికీ కుదిరినంతగా మిగతావాళ్లకు కుదరలేదు.

రెండో నెలలో చంద్రశేఖర్ ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక చేసి గోడ మీద చూపించాడు. మందు తగ్గించామని చెప్పినవారి గడి పచ్చ. ఉన్నచోటే ఆగితే పసుపు, పెంచితే ఎరుపు. పచ్చ పడ్డప్పుడల్లా అందరూ చప్పట్లు కొట్టేవారు. మొదటి చప్పట్లు నావే. వీళ్లలో ఎక్కువమంది ఐటీ ఆఫీసుల్లో రోజూ ఇలాంటి పట్టికలతోనే బతికేవాళ్లు కదా, ఇది బాగా నప్పిందని మురిసిపోయాను. గోడ నిండా పచ్చగా కనిపిస్తుంటే మాత్రలు లెక్కపెట్టడం చాదస్తంలా అనిపించింది. కవర్లు తీసుకుని సొరుగులో వేసి, సమావేశం అయ్యాక ఎప్పుడో చూసేదాన్ని. కొన్ని వారాలు అదీ చూడలేదు. కంచే చేను మేసిందంటే ఇదే.

నాలుగో నెలలో ఒక శనివారం, సమావేశం ముగిసి అందరూ లేచాక, రిజిస్టరు పూర్తి చేద్దామని కవర్లు విప్పాను. చంద్రశేఖర్ కవరులో మొదటి రోజు మాత్రలు తప్ప అన్నీ అలాగే ఉన్నాయి. ఆరు రోజులుగా అతను మందే వేసుకోలేదు. గోడ మీద అతని గడి మాత్రం పచ్చగా ఉంది. నేను లెక్కపెట్టడం లేదని అతనికి తెలుసు. అందుకే దాచాలని కూడా అనుకోలేదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. అతను అప్పుడే బైకు మీద బయల్దేరాడు. ఫ్లైఓవర్ ఎక్కి గచ్చిబౌలి మీదుగా ఇంటికి వెళ్తాడు. ఫిట్స్ ఆ బండి మీద వస్తే? మూడుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. తొందరలో నంబరు ఒకసారి తప్పు నొక్కాను కూడా. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను అంత భయపడింది లేదు.

యాదమ్మ ఇంకా కౌంటరు దగ్గరే ఉంది. సంగతి చెప్పాను. ఆమె మారుమాట లేకుండా ఫోను చేసి స్పీకరు పెట్టింది. రెండో రింగుకే ఎత్తాడు. వెనక బస్సుల హారన్లు.

"సారూ, యాడున్నరు?"

"ఫ్లైఓవర్ కింద ఉండా అక్కా. బండి పక్కకు పెట్టినా. నాకేం కాలేదులే, పోతాండా."

ఆపిన బండి మళ్లీ తీయొద్దని చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపు యాదమ్మ అంది: "సారూ, ఒక మాట చెప్త, తిట్టకుండ్రి. నెల సంది నేను గోలీ తగ్గియ్యలే. నా పచ్చ వట్టిదే. అందరు చప్పట్లు కొడుతుంటె సిగ్గయి చెప్పలే."

హారన్ల మధ్య అతని గొంతు తగ్గింది.

"నేనూ చెప్పల్యా అక్కా. నెలంతా పసుపే పడ్య. పట్టిక చేసినోన్ని నేనే ఎనకబడితే ఎట్లని మొత్తం ఆపేసినా. చేతులు నిలబడడంల్యా. బ్రిడ్జి ఎక్కాలంటే భయమైతాంది."

"ఎక్కకుండ్రి. బండి తాళం తీసి జేబుల ఏసుకోని ఆడనే కూసోండ్రి. మేం వస్తున్నం."

ఆసుపత్రి అంబులెన్సులో వెళ్లాం. ఫుట్‌పాత్ మీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు, చొక్కా తడిసి ముద్దయింది. తీసుకొచ్చి ఎమర్జెన్సీలో పడుకోబెట్టిన కాసేపటికి ఫిట్స్ వచ్చాయి. నర్సులు, డాక్టరు చుట్టూ ఉన్నారు, మందు చేతిలో ఉంది, నిమిషాల్లో తగ్గింది. యాదమ్మ తలుపు బయట గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఫ్లైఓవర్ పిట్టగోడ ఎంత ఎత్తుంటుందన్న ప్రశ్న ఒక్కటే బుర్రలో తిరిగింది.

రఘురాం గారు అతన్ని పాత మోతాదుకు తీసుకెళ్లి, మళ్లీ మొదటినుంచి ఇంకా నెమ్మదిగా దింపారు. పూర్తిగా మానడానికి మరో ఏడాది పైనే పట్టింది. యాదమ్మ ఆగిన నెల అసలు తప్పే కాదన్నారు, ఆమె ఒళ్లు అడిగింది అదేనన్నారు. జరిగినదాంట్లో నా పొరపాటు ఏమిటో నేను సూపరింటెండెంటుకు రాసిచ్చాను, మెమో అందుకున్నాను. అది న్యాయమే. పట్టిక తీసేశాం. చప్పట్లూ మానేశాం. మాత్రలు లెక్కపెట్టాక అందరినీ నేను అడిగే మొదటి ప్రశ్న మార్చాను: ఈ వారం తగ్గించలేకపోయింది ఎవరు? మొదటి శనివారం ఏడుగురిలో నలుగురు చెయ్యి ఎత్తారు.

మందు ఇచ్చేవాళ్లకు ఆ ఉదంతం నేర్పే పాఠం చిన్నదే. రోగి అబద్ధం చెప్పాడని మనం నొచ్చుకునే ముందు, నిజం చెబితే అతనికి మన దగ్గర ఏం దక్కేదో చూసుకోవాలి. పచ్చకు చప్పట్లు కొట్టే మా గదిలో, నిజం చెబితే ఆ నలుగురికీ నిశ్శబ్దమే దక్కేది.