బావది పచ్చ, బామ్మర్దిది ఎరుపు

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్‌లో పాట వినిపిస్తే నలుగురు చుట్టూ మూగే రోజుల్లో, నాకు ఇరవై రెండేళ్లు. ములకలపల్లి పక్కన అడవి అంచులోని మా గూడెం నుంచి సత్తుపల్లి వచ్చి, ఒక కంప్యూటర్ షాపులో ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టే పనికి కుదిరాను. "సదువుకున్నవా?" అని అడిగితే తడుముకోకుండా "ఏడు దాకా" అన్నాను. (ఏడే ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. పదంటే కాగితం చూపించమంటారని, ఐదంటే చిన్నచూపు చూస్తారని కాబోలు.) నిజానికి అప్పటిదాకా నేను బడి గడప తొక్కింది ఒక్కసారే, అదీ ఓటు వేయడానికి. వయసు పెరిగితే మనుషులు అబద్ధాలు తగ్గిస్తారంటారు గానీ, నాకు తెలిసి తగ్గేది ధైర్యమే.

షాపు ఇద్దరిది. ఒకాయన బావ, రెండో ఆయన ఆయన భార్యకు తమ్ముడు. పైకి ఇద్దరినీ "సారూ" అనేదాన్ని, మనసులో మాత్రం బావ, బామ్మర్ది. ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్లు, ఒకే బండి మీద తిరిగేవాళ్లు. ఒక్క గ్రాఫిక్స్ కార్డు దగ్గరే వాళ్లకు పడేది కాదు. కంప్యూటర్‌లో ఆటల బొమ్మలను తడబడకుండా ఉరికించే ముక్కను అలా అంటారట. దాన్ని తయారుచేసే పెద్ద కంపెనీలు రెండని, ఒకదాని గుర్తు పచ్చ, ఇంకోదాని గుర్తు ఎరుపు అని వాళ్ల తగాదాలు వినీ వినీ నాకు కంఠతా వచ్చింది. బావ పచ్చ పార్టీ, బామ్మర్ది ఎర్ర పార్టీ.

"పచ్చది ఎద్దు లెక్క గుంజుతది బామ్మర్దీ."

"ఎద్దే బావా, కాదన్ననా? మేత గూడ గట్లనే తింటది. బ్యాటరీ అంత మింగి పండుకుంటది."

"మీ ఎర్రది పండుకోదు, నడిమిట్ల సచ్చిపోతది."

ఒకరోజు షాపుకు రెండు గేమింగ్ ల్యాప్‌టాప్‌లు దిగాయి. బొగ్గు గనిలో డంపర్ అనే పెద్ద లారీ నడిపే ఒకాయన, రెండూ చూసి నచ్చినది తీసుకుంటానంటే తెప్పించారు. రెండూ నల్లవే, కవల పిల్లల్లా ఒకే పోలిక. ఒకదాని లోపల పచ్చ కార్డు, రెండోదానిలో ఎర్ర కార్డు, అంతే తేడా. "అద్దం లెక్క తుడిచిపెట్టు" అని చెప్పి ఇద్దరూ బువ్వకు వెళ్లారు. మా గూడెంలో కొత్త స్టీలు గిన్నె ఇంటికొస్తే మొదట చేసే పని, నూనె రాసి దాని మీది స్టిక్కర్ పీకడం. స్టిక్కర్ ఉన్నంతసేపూ అది దుకాణపు గిన్నె, పీకాకే మన గిన్నె. కాబట్టి కొబ్బరినూనె రాసి, గోటితో గీకి, ఆ రెండు ల్యాప్‌టాప్‌ల మీద ఉన్న స్టిక్కర్లన్నీ పీకేశాను. ఎంత నున్నగా వచ్చాయో! పచ్చదీ ఎర్రదీ మాత్రం రంగు బాగున్నాయని, చాయ్ పెట్టే మూలన ఉన్న అద్దం మీద, నా బొట్టుబిళ్ల పక్కన అంటించుకున్నాను.

ఇంతలో బామ్మర్ది గొంతు మెట్ల దగ్గరే వినపడింది. "నువ్వు పచ్చ స్టిక్కర్‌ది చూపియ్యి బావా, నేను ఎర్ర స్టిక్కర్‌ది చూపిస్త. ఏది గొప్పదో ఆయననే తేల్చనీ." ఒక్క ఉరుకున మూలకు వెళ్లాను. అద్దం మీది నుంచి రెండూ ఊడదీశాను. జిగురు పోయింది. నా టిఫిన్‌లో మిగిలిన అన్నం మెతుకులు నలిపి, ఏది దేనిదో తెలియక, కళ్లు మూసుకుని చెరోదానికి అతికించేశాను.

డంపరాయన భార్యతో సహా వచ్చాడు. లారీలు నడిపే ఆట ఆడుకోవడానికే ఆయనకు ల్యాప్‌టాప్ కావాలట. "పొద్దంత గనిల నడిపేది సాలదా, ఇంటికొచ్చి గూడ బండేనా?" అంటూనే ఉంది ఆమె. బావ పచ్చ స్టిక్కర్ ఉన్నదాన్ని తెరిచి, "చూడుండ్రి, ఎక్కడన్న ఆగుతాందా? ఇది మా పచ్చదాని తడాఖా" అన్నాడు. బామ్మర్ది తనదాన్ని తెరిచి, "దుమ్ము రేణువు గూడ కనపడుతాంది. ఎర్రదానికే సాధ్యం" అన్నాడు. ఇలా చాలాసేపు సాగింది. ఆమెకు విసుగొచ్చి ఊరికే వేలితో పచ్చ స్టిక్కర్‌ను కదిపింది. అది జర్రున జారింది.

"ఏందయ్యా ఇది, అన్నం మెతుకు?"

బావ ముఖం మాడిపోయింది. మిషన్‌లో ఎక్కడో నొక్కి, లోపలి కార్డు పేరు తెర మీదికి తెచ్చాడు. చదివాడు. మళ్లీ చదివాడు. ఇంతసేపూ ఆయన పొగిడింది ఎర్రదాన్ని.

"నన్ను నవ్వులపాలు చేస్తందుకు నువ్వే మార్చినవ్‌లే!"

"నేనా? నేను గూడ మీ దిక్కుమాలిన పచ్చదాన్నే పొగడలే?"

"మీ అక్క మొఖం జూసి షాపుల సగం ఇచ్చిన. ఇయాల్టితోని ఖతం. నీ దారి నీది."

"అవ్, నాది నాకు పంచియ్యి. గిప్పుడే ఇయ్యి."

మాట నిజంగానే పంపకాల దాకా వెళ్లింది. నోరు తెరిస్తే నా పని పోతుంది. తెరవకపోతే ఆ ఒకే టిఫిన్ డబ్బా రెండవుతుంది. చాయ్ గ్లాసులు కింద పెట్టి ముందుకొచ్చాను.

"నేనే సారూ. పీకింది నేనే, అతికిచ్చింది నేనే."

"పెట్టెల మీదిది చదివి అతికియ్యొద్దా? ఏడు చదివిన అన్నవ్ గద?" అన్నాడు బావ.

"ఏడు లేదు సారూ. ఒకటి గూడ లేదు."

మొదట నవ్వింది డంపరాయన భార్యే. "ఈళ్లకు సదువొచ్చి ఏం తెలిసింది? గంటసేపు ఒకదానికి పెట్టాల్సిన దండం ఇంకోదానికి పెట్టిరి. పిల్లా, నువ్ చెప్పు, ఏది తీసుకోవాల్నో." మేకకు జ్వరమొస్తే మా ఇళ్లలో చెవి పట్టుకుని చూస్తాం. నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. రెండింటి కిందా చెరో అరచెయ్యి పెట్టి, "ఇది తక్కువ కాలుతాంది అక్కా" అన్నాను. వాళ్లు దాన్నే తీసుకుపోయారు. (అది ఏ రంగుదో మాత్రం చెప్పను. బావా బామ్మర్దీ ఇంకా బతికే ఉన్నారు, ఒకే బండి మీద తిరుగుతున్నారు.) ఆ రోజు తలుపు వేస్తూ బామ్మర్ది, "రేపు జల్దీ రా. స్టిక్కర్లు ముట్టకు" అన్నాడు. నా ఉద్యోగం నిలబడిందని అలా తెలిసింది.

నలభై దగ్గర పడ్డాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఈ మధ్య ఖమ్మంలో మిక్సీ కొనడానికి వెళ్లి, షాపు అరల నిండా ఉన్న పెట్టెల మీది రాతలన్నీ కూడబలుక్కుని చదివాను. వాట్లు చదివాను, గ్యారంటీ చదివాను, సన్నటి అక్షరాలు కూడా వదల్లేదు. చదివినకొద్దీ అనుమానం పెరిగింది. చివరికి ఏదీ కొనకుండా బస్సెక్కాను. దారి పొడవునా, ఒకటో తరగతి కూడా లేని ఆ పిల్ల పక్కనుంటే ఎంత బాగుండేదో అనుకుంటూ కూర్చున్నాను.