మనిషికొక వాన

ఆ రోజుల్లో యంత్రం చెప్పే మాటంటే జనానికి ఎంత గురి ఉండేదో తలుచుకుంటే, ఇప్పుడు నవ్వు కంటే ముందు చిన్న నిట్టూర్పు వస్తుంది నాకు. ఎదురుగా నిలబడి మనిషి చెబితే "వీనికేం తెలుసు" అని చెయ్యి విదిలించేవాళ్లే, అదే మాట పెట్టెలోంచి వస్తే బీడీ ఆర్పేసి మరీ వినేవాళ్లు. అటువంటి పెట్టెకు మా ఊళ్లో కాపలాదారుణ్ణి నేను. కాగితం మీద నా హోదా 'మున్సిపల్ పార్కు రేడియో ఆపరేటర్, తాత్కాలికం'. (చివరి మాట మా నాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.) ఆ ఉద్యోగానికి కావలసిన అర్హత ఏమిటని అడగకండి. ఇంటర్వ్యూలో ఛైర్మన్ గారు "రేడియో ఎప్పుడైనా చూసినావా?" అని అడిగారు. కళ్యాణదుర్గంలో మా మేనమామ ఇంట్లో చూశానన్నాను. నాతోపాటు వచ్చినవాళ్లకు కళ్యాణదుర్గంలో మేనమామ లేడు.

పార్కు అంటే పచ్చగడ్డి, పూలమొక్కలు ఊహించుకోకండి. చుట్టూ ఇనప కంచె, మధ్యలో కొన్ని సిమెంటు బెంచీలు, ఊరి మేకలు నోరు పెట్టని గన్నేరు చెట్లు, మిగతాదంతా ఎర్రమట్టి. ఒక మూల మనిషి నిలబడితే తల తగిలే గది, దానికొక కిటికీ. గదిలో రేడియో, బయట స్తంభం మీద ఉమ్మెత్తపువ్వు లాంటి లౌడ్ స్పీకరు. పగలంతా ఆఫీసులో జనన మరణాల కౌంటరు దగ్గర కూర్చుని, సాయంత్రం కాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొబ్బరినూనె రాసి పాపిడి తీసి ఆ గదిలోకి దూరేవాణ్ణి. లోపలున్న నన్ను ఎవరూ చూడరని తెలుసు. అయినా, బయట వినిపించే ఆ గంభీరమైన గొంతుకు సరిపడేలా ఉండాలి కదా అని నా తాపత్రయం. జనం కూడా అట్లాగే అనుకునేవాళ్లు. చక్కెర ధర పెరిగిందని వార్తల్లో వస్తే, మరునాడు వీధిలో నన్ను ఆపి "ఏమప్పా, ధర పెంచితివే!" అని నిలదీసేవాళ్లు. నేనూ "పెంచక తప్పలేదన్నా" అన్నట్టు మొహం పెట్టేవాణ్ణి.

పార్కు గేటు దగ్గర బొరుగుల (మరమరాల) గంప పెట్టుకుని ఒక అవ్వ కూర్చునేది. ఊరి బయట వాళ్లకు కాస్త మెట్టచేను ఉంది, కొడుకు సేద్యం చేస్తాడు. ఆవిడకు పాటలు పట్టవు, వార్తలు పట్టవు. వార్తల చివర వాతావరణం చెప్పేటప్పుడు మాత్రం బొరుగులు కొలిచే చెయ్యి గాలిలోనే ఆగిపోయేది. ఎదురుగా బేరగాడున్నా సరే. నిజానికి ఆ కాసేపు పార్కంతా అంతే. ఎదురింటి హోటలాయన ఇడ్లీ పాత్ర మూత తియ్యబోతూ ఆగేవాడు. రిటైరైన హెడ్మాస్టరు గారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. మా సీమలో దేవుడి తర్వాత దండం పెట్టించుకునేది మబ్బే. ఆ మబ్బు సంగతి పెట్టె చెబుతుందంటే ఇంకేం కావాలి?

నేను చెప్పే ఏడాది వాన మొహం చాటేసింది. ఆషాఢం వెళ్లిపోయింది, శనక్కాయ విత్తే అదను జారిపోతూ ఉంది. రోజూ సాయంత్రం ఆ గంభీరమైన గొంతు "రాయలసీమలో అక్కడక్కడ జల్లులు పడే అవకాశం ఉంది" అంటూనే ఉంది. పడమటి నుంచి నల్లగా మబ్బు లేవడం, ఊరంతా తలెత్తి చూడటం, అది బత్తలపల్లె దిక్కుకో బళ్లారి దిక్కుకో చల్లగా జారుకోవడం. గాలి మాత్రం మట్టి తెచ్చి మా కళ్లలో పోసేది.

అప్పుడు జరిగింది కౌన్సిల్ సమావేశం. మా కౌన్సిల్ సమావేశాలు వెలగని వీధి దీపాలతో మొదలై, పిచ్చికుక్కల మీదుగా మురిక్కాలవల్లోకి దిగి, కొళాయిల దగ్గర బిందెల కొట్లాటతో టీకి ఆగేవి. ఆ రోజు మాత్రం మొదట్లోనే ఒక కౌన్సిలరు లేచాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ముక్క ఒకటే కాబట్టి మేమంతా చాటుగా ఆయన్ను 'పాయింటాఫార్డరన్న' అనేవాళ్లం. పట్నం మనిషే అయినా ఊరవతల సేద్యం ఉంది.

"పాయింటాఫార్డర్! ఛైర్మన్ సార్, పార్కులో ఆ రేడియో పెట్టింది మన ఊరి దుడ్లతోనా, కాదా?"

"మన దుడ్లతోనే అన్నా. ఏమైంది?"

"మన దుడ్లు తిని మనకే అబద్ధం చెప్తాండాది. అక్కడక్కడ పడ్తాదంటాడు. ఆడాడ అంటాడే గాని, ఈడ అని ఒగ దినమన్నా అన్నాడా? ఆ అక్కడక్కడ అనే ఊరు యాడుండాదో చెప్పమనండి సార్, ఎద్దుల్ని తోలుకోని ఆడికే పోయి సేద్యం చేసుకుంటాం!"

హాలంతా గొల్లుమంది. గోడకు ఆనుకుని నిలబడ్డ నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. "నగండప్పా, నగండి. వాని మాట నమ్మి పదును లేని నేలలో విత్తనం ఏసినా. ఈపొద్దు పోయి చూస్తే చీమలు బారు కట్టి మోసకపోతాండాయి," అన్నాడు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ హాల్లో సగం మందికి చేన్లున్నాయి.

మా ఆఫీసు మేనేజరు గారు లేచి, వాతావరణం మన చేతిలో లేదని, అది పైనుంచి వస్తుందని వివరించబోయారు. "వాన గూడా పైనుంచే రావల్ల, అది మాత్రం రాదే!" అన్నారెవరో. "ఆ పిల్లోన్ని తీసేస్తే సరిపోలేదా?" అని ఇంకొకాయన. (నేను మెల్లగా గుమ్మం వైపు జరిగాను.) "పిల్లోన్ని తీసేస్తే పడ్తాదా వాన?" అని మరొకాయన. చివరకు ఛైర్మన్ గారు, ఎవరి మనసూ నొప్పించడం ఇష్టంలేని మనిషి కాబట్టి, మధ్యే మార్గం కనిపెట్టారు. 'వాతావరణ విశేషములు వచ్చు సమయమున పార్కునందలి ధ్వనివర్ధకమును నిలుపవలెను' అని మేనేజరు గారు రాయగా, తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మరునాటి సాయంత్రం వార్తలు అయిపోగానే స్పీకరు కట్టేశాను. జనం లేచి వెళ్లిపోతారనుకున్నాను. ఒక్కరూ కదల్లేదు. ఆ కాసేపూ స్తంభం వైపు చూస్తూ అట్లాగే కూర్చున్నారు. అవ్వ చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. ఆ నిశ్శబ్దం ఎట్లా ఉందంటే, నేను పాటలు పెట్టడానికి కూడా భయపడ్డాను. మూడో నాటికి ఊళ్లో పుకారు పుట్టింది. ఇంటికి పోతే అన్నం వడ్డిస్తూ మా అమ్మ అడిగింది: "ఏమిరా, మీ ఆఫీసోళ్లు వాన నిలిపేసినారంట కదా! కొళాయి కాడ అందరూ తిడతాండారు. ఆ పాపం మనకెందుకురా?"

తీర్మానంలో నిలపమన్నది స్పీకరునే గాని రేడియోను కాదు. గదిలో సన్నగా పెట్టుకుని నేను వినేవాణ్ణి. ఆ సంగతి మొదట కనిపెట్టింది ఎవరనుకున్నారు? ఆ తీర్మానానికి కారణమైన పాయింటాఫార్డరన్నే. ఒక సాయంత్రం కిటికీ దగ్గరకు వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏమన్నాడప్పా ఈపొద్దు?" అన్నాడు. నేను నోరు తెరిచి చూస్తుంటే, "రిజల్యూషన్ సంగతి వేరే, నా సంగతి వేరే. ఊరికే అడుగుతాండా" అన్నాడు. పొడిగా ఉంటుందన్నారని చెప్పాను. తల పంకించి పోయాడు. ఆయన వెనకే హోటలాయన, ఆ వెనక హెడ్మాస్టరు గారు. వారం తిరక్కుండా నా కిటికీ ముందు, తిరునాళ్లలో సోదె చెప్పే ఆవిడ ముందున్నట్టు, మనుషులు ఒకరి తర్వాత ఒకరు. మీతో చెప్పుకోవడానికేం, నాకు అది మహా గర్వంగా ఉండేది. పాపిడి ఇంకా జాగ్రత్తగా తీయడం మొదలుపెట్టాను.

చిక్కంతా అవ్వతో వచ్చింది. ఒక సాయంత్రం గంప దించి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. "ఏమన్నా చెప్పినారా నాయనా?" అంది. ఆ రోజు కూడా పొడి వాతావరణమే. ఆ మాట నా నాలుక చివర్లోనే ఉంది. ఆవిడ కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. ఏం జరిగిందో నాకే తెలియదు, "రెండు మూడు దినాల్లో చూడొచ్చంటాండారు అవ్వా" అన్నాను. ఆవిడ మొహం చూస్తుండగానే విప్పారింది. దోసెడు బొరుగులు పొట్లం కట్టి కిటికీలో పెట్టి, వద్దన్నా వినకుండా పోయింది. నేను ఆ బొరుగులు తింటూ ఒక పుణ్యకార్యం చేసినట్టే పొంగిపోయాను. ఆ తర్వాత మొహాన్ని బట్టి చెప్పడం అలవాటైంది. దిగులుగా వచ్చినవాళ్లకు కాస్త మబ్బు, ధైర్యంగా వచ్చినవాళ్లకు ఉన్నదున్నట్టు. హెడ్మాస్టరు గారికి మాత్రం అక్షరం పొల్లుపోకుండా. (ఆయన తప్పులు దిద్దుతారు.)

అవ్వకు నేను ఆ మాట చెప్పిన రెండు రోజులకు, పొద్దున్నే ఆవిడ కొడుకు విత్తే గొర్రు భుజాన వేసుకుని, విత్తనాల మూట ఎద్దు మీద కట్టుకుని చేనుకు పోతున్నాడు. దారిలో పాయింటాఫార్డరన్న ఎదురయ్యాడు. "యాడికప్పా?" అంటే, వాన వస్తుందంట, ముందే వేసి పెడతానన్నాడు. ఎవరు చెప్పారంటే రేడియో అబ్బాయి అన్నాడు. "నాకు పొడి అని చెప్పినాడే!" అని ఆయన అవ్వ కొడుకును చెయ్యి పట్టుకుని నేరుగా తన చేనుకు తీసుకుపోయి చీమల బారు చూపించాడట. విత్తనాల మూట ఇంటికి తిరిగి వచ్చింది. ఆ సంగతి విన్న రోజు నేను అవ్వ కూర్చునే గేటు వదిలి, కంచె దూకి గదిలోకి పోయాను. ఆ మూట తప్ప వాళ్లింట్లో మరి విత్తనం లేదు.

తర్వాతి సమావేశానికి నన్ను పిలిపించి హాలు మధ్యలో నిలబెట్టారు. "పాయింటాఫార్డర్! ఈ పిల్లోడు మనిషికొక వాన చెప్తాండాడు సార్!" అన్నాడు కౌన్సిలరు.

"నిజమేనా?" అన్నారు ఛైర్మన్.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఇంక దాచేదేముంది? "అవ్వ మొగం చూసి పొడి అనలేకపోయినాను సార్" అన్నాను. కొందరు నవ్వారు, కొందరు తల దించుకున్నారు.

గుమ్మం దగ్గర అలికిడైంది. అవ్వ, గంపతో సహా. కొడుకు సంగతి ఊరంతా పాకాక, నన్ను తీసేస్తారని విని వచ్చిందట. నన్ను తిట్టడానికి వచ్చిందనే అనుకున్నాను. ఛైర్మన్ గారు ఓపిగ్గా, "అవ్వా, ఆ రేడియో చెప్పింది జరగలే, ఈ పిల్లోడు చెప్పిందీ జరగలే. ఇంగ నీకు ఆ మాటెందుకు?" అని అడిగారు.

"వాన సంగతి నిజం చెప్పేటోడు యాడుండాడప్పా?" అంది అవ్వ. "అది నేను అడగలే. సాయంత్రమైతే ఊరంతా ఒగ చోట కూచోని ఒగే మాట వింటాంటిమి. పడ్తాదంటే అందరికీ పడ్తాది. పడదంటే అందరికీ పడదు. మీరు మైకు మూసేస్తిరి. ఇప్పుడు ఒగొగరం దొంగల మాదిరి ఆ కిటికీ కాడికి పోయి అడుక్కోవల్లంటే, ఈ పసోడు మటుకు ఏం చేస్తాడు? అయ్యో అని మనిషికొకటి చెప్పినాడు. వాన అందరిదీ కాదా నాయనా? వచ్చినా రాకపోయినా అందరిదే కదా?"

పాయింటాఫార్డరన్న లేచాడు, అలవాటు మాట నోటిదాకా వచ్చి ఆగింది. కండువా సర్దుకుని మెల్లగా, "ఆయమ్మ చెప్పేది ఆర్డర్లోనే ఉండాది సార్. తిరిగి పెట్టండి" అన్నాడు.

పాత తీర్మానం రద్దయింది, ఏకగ్రీవంగానే. కొత్త తీర్మానం చివర మేనేజరు గారు నా వైపు ఒకసారి చూసి ఇంకో వాక్యం చేర్చారు: 'ఆపరేటరు తన సొంత వాతావరణమును ప్రజలకు తెలుపరాదు.' నా ఉద్యోగం నిలబడింది.

వాన ఆ ఏడాది వచ్చింది గాని, శనక్కాయ అదను దాటిపోయాక, ఎవరూ చెప్పకుండా వచ్చింది. పాటలు వస్తుండగా ఒక్కసారిగా విరుచుకుపడింది. షాకు కొడుతుందేమోనని నేను కట్టేయబోతే "ఉండనీరా!" అని పార్కంతా అరిచింది. స్పీకరులోకి నీళ్లు పోయి పాట పుక్కిలించినట్టు వస్తుంటే, హోటలాయన గిరాకీతో సహా రోడ్డు మీదకు వచ్చాడు. పాయింటాఫార్డరన్న కండువా తల మీద వేసుకోకుండా చేతిలో పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. ఆ వానకు ఆయన తన చేనులో, ఆలస్యంగా వేసినా పండే ఉలవలు చల్లుకున్నాడు. అవ్వ వాళ్లు తమ మూటను మరుసటి ఏడాదికి దాచుకున్నారు.

తర్వాత నా ఉద్యోగం ఖాయమైంది, ఊళ్లు మారాను, చివరకు నేనూ ఒక మున్సిపాలిటీకి మేనేజరునై, ఎన్నో తీర్మానాలు నా చేత్తో రాసి రిటైరయ్యాను. వీడ్కోలు సభలో దండలు వేసి నేనేదో ఊరిని ఉద్ధరించినట్టు చెప్పారు. నేను వింటూ కూర్చున్నాను గాని, నా మనసు మాత్రం తల తగిలే ఆ గదిలో ఉంది. పాపిడి తీసుకున్న ఒక కుర్రవాడు, రేడియో మీట మీద చెయ్యి వేసుకుని, వార్తలు ఎప్పుడైపోతాయా అని చూస్తున్నాడు. బయట ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి వాడి చేతి కోసం ఎదురుచూస్తోంది. అంత పెద్ద ఉద్యోగం ఆ తర్వాత నేనెప్పుడూ చెయ్యలేదు.