మావయ్య ఇచ్చిన జామీను

మా అమ్మ నోరు జారిన ఒక్క మాటతో నేను గుణదల అంతటా నేరస్థురాలినయ్యాను. ఆ మాట జామీను.

ఇంజనీరింగు సీటు వచ్చిందని ముందు లడ్డూలు పంచి, ఆ తర్వాత ఫీజు ఎంతో కనుక్కోవడానికి వెళ్ళాం. అదీ మా తెలివి. కాలేజీ కౌంటరులో ఉన్నాయన అంకె చెప్పేముందు నాన్నకు కుర్చీ చూపించాడు. మర్యాద అనుకున్నాం. అంకె విన్నాక తెలిసింది, అది ముందుజాగ్రత్త. చదువుకు ఒక ఫీజు, ల్యాబుకు ఒకటి, హాస్టలుకు ఒకటి, వ్యక్తిత్వ వికాసానికి మరొకటి.

"ఈ ఆఖరిది తీసేయండి సార్. దీనికి వ్యక్తిత్వం బోలెడుంది, ఇంట్లో మేమే భరించలేకపోతున్నాం" అన్నాడు నాన్న. ఆయన నవ్వాడు గానీ తీయలేదు.

నాన్న ఒక ప్రైవేటు బస్సుల ఆఫీసులో టికెట్లు రాసేవాడు. ఆ జీతం చూసిన బ్యాంకు మేనేజరుగారు, "అప్పు ఇస్తామండీ. కాకపోతే ఇంకొకరెవరైనా జామీను ఉండాలి. సోమవారానికల్లా సంతకం పడాలి" అన్నారు. మంగళవారం కాలేజీలో ఫీజుకు ఆఖరు రోజు. అది దాటితే నా సీటు ఇంకొకరి పాలవుతుంది. నాన్న స్నేహితులందరికీ సరిగ్గా ఆ వారమే ఊరెళ్ళే పనులు పడ్డాయి.

శనివారం సాయంత్రం అమ్మ మా చర్చి ప్రార్థన గ్రూపులో ఏడుపు గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. "మా అమ్మాయికి జామీను దొరకట్లేదండీ. సోమవారం లోపల దొరక్కపోతే దాని బతుకు అంతే. ప్రార్థన చేయండి."

అంతే. విన్నవాళ్ళు విన్నట్టు ఊరుకోకుండా చిలవలు పలవలు అల్లారు. ఆదివారం పూజ అయ్యాక వెనక వీధి ఆంటీ క్యారియరుతో వచ్చింది. తలుపు నేనే తీశాను. "అప్పుడే వదిలేశారా అమ్మా?" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. "లోపల తిండి బాగుండదంటగా, కోడికూర వండుకొచ్చాను." విషయం అర్థం కాకపోయినా కోడికూర అర్థమైంది, తీసుకున్నాను. ఆవిడ వెనకాల వచ్చిన ఇంకొకావిడ నా చెవిలో, "ఇంతకీ అబ్బాయెవరమ్మా?" అంది.

ఆ కబురు చెవిన పడి సోమవారం పొద్దున్నే మావయ్య దిగాడు. అమ్మకు అన్నయ్య. హనుమాన్ జంక్షన్‌లో లారీ టైర్ల కొట్టు. పంక్చరు వేస్తే మిగిలిన రబ్బరు ముక్క కూడా జేబులో వేసుకునే పిసినారి కాబట్టి, ఆయన్ని జామీను అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు. అలాంటి మనిషి చంకలో పొలం పాసు పుస్తకం, వెంట నల్లకోటు లాయరు, చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏ స్టేషనే?" అన్నాడు అమ్మతో. నేను కనబడేసరికి గొంతు తగ్గించి, "ఏం చేశావే? చెప్పు, కొట్టను" అన్నాడు.

"ఇంజనీరింగు" అన్నాను.

లాయరుగారు కాగితం తీశారు. "ఏ సెక్షనమ్మా?"

"ఇంకా చెప్పలేదండీ. చేరాక ఏ సెక్షనో బి సెక్షనో ఇస్తారంట."

అసలు సంగతి నాన్న విడమరిచి చెప్పాక మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. తేలికపడతాడనుకుంటే మొహం ఇంకా వాడిపోయింది. "అప్పా? కేసయితే ఏదోలా పడేవాణ్ణే. పిల్ల కోర్టుకి వస్తే చాలు, జామీనిచ్చినోడు బతికిపోతాడు. ఇది అట్టా కాదుగా! ఇది కట్టేదాకా ముద్దాయిని నేనేగా!" అంటూ పాసు పుస్తకం సంచిలో పెట్టేశాడు.

మేనకోడలు నేరస్థురాలంటే పరుగెత్తుకొచ్చిన మనిషి, చదువుకుంటుందంటే వెనక్కి తగ్గుతున్నాడు! ఏడుపూ కోపమూ కలిసి, "పోనీ మావయ్యా, ఏదైనా నేరం చేసి రానా?" అనేశాను.

లాయరుగారు పగలబడి నవ్వారు. మావయ్య నవ్వలేదు. ఆయన వంక తిరిగి, "కేసు లేదుగా, మీ ఫీజు?" అన్నాడు.

"వచ్చినందుకు ఇవ్వాలి కదండీ" అన్నారాయన.

మావయ్య కాసేపు లెక్క వేసుకున్నాడు. "ఉత్తినే తిరిగెళ్తే ఈ ఫీజు దండగ. పద, ఆ బ్యాంకెక్కడో చూపించు" అని లేచాడు. సంతకం పెట్టేముందు ఆయన కాగితం మీద నా పేరును వేలితో తడిమి చూశాడు. దండగ ఫీజు కోసం పెట్టిన సంతకం కాదది.

అప్పు చేసి పప్పు కూడు తినకూడదంటారు. నేను నాలుగేళ్ళు హాస్టల్లో అదే తిన్నాను, పైగా నీళ్ళ పప్పు. ఉద్యోగం వచ్చాక ప్రతి నెలా వాయిదా రోజున మావయ్య ఫోను. "వాయిదాకి హాజరయ్యావా?"

"హాజరయ్యాను మావయ్యా."

ఒక నెల మా కంపెనీ జీతాలు ఆపేస్తే బ్యాంకు వాళ్ళు ఆయనకు ఫోను చేశారు. "నీ మీద వారెంటొచ్చిందే" అని నాకు చెప్పి, నన్ను తిట్టకుండా ఆయనే కట్టేశాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మొన్న ఆఖరి వాయిదా కట్టేసి, బ్యాంకు ఇచ్చిన కాగితంతో హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. "కేసు కొట్టేశారు మావయ్యా" అన్నాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, తన జేబులో పెట్టుకున్నాడు. మజ్జిగ తెప్పించాడు. తర్వాత గల్లాపెట్టె లోంచి ఇంకో కాగితం తీసి, నా మొహం చూడకుండా నా ముందుకు జరిపాడు. వాళ్ళ చిన్నమ్మాయి కాలేజీ ఫీజు. అది చూశాక నా ఫీజు దాని బస్సు ఖర్చులా కనబడింది.

"బ్యాంకోళ్ళు జామీను అడుగుతున్నారే" అన్నాడు నెమ్మదిగా.

"ఏం చేసిందేంటి?"

"ఇంజనీరింగే" అని తల దించుకున్నాడు.

పెన్ను ఇమ్మన్నాను.