లాంతరు పెళ్లికూతురు

నా చిన్నప్పుడు మేం గుంటూరు నుంచి వచ్చి అమీర్‌పేటలో అద్దెకు దిగిన ఏడాది, మా అమ్మ దసరాకు పెట్టే బొమ్మల కొలువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అంతా మా నాన్న నిర్వాకం. సామాను సర్దేటప్పుడు చోటు కలిసొస్తుందని రుబ్బురోలు పొత్రాన్ని తీసుకెళ్లి మట్టిబొమ్మల పెట్టెలో పెట్టారు మహానుభావుడు! పెట్టె విప్పితే ఏముంది, రాజూ రాణీ, శెట్టీ శెట్టెమ్మా అందరూ కలిసి ఒకటే పెంకుల కుప్ప. అవి అమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చినవి. ఒకసారి పట్టిన కొలువు మానకూడదంటారు. అమ్మ ఆ పెంకుల ముందే కూర్చుని ఏడ్చేసింది.

అమ్మ ఏడుపు విని పక్కింటి అక్క వచ్చింది. నా కళ్లు మాత్రం ఆమె చెవుల మీదే ఉన్నాయి. కమ్మలకు బదులు చిన్న చిన్న గడియారం చక్రాలు వేలాడుతున్నాయి. చూసింది అడక్కుండా ఊరుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు, అవేంటక్కా అని అడిగేశాను. వాళ్ల నాన్న సనత్‌నగర్‌లో మిషన్లు బాగుచేసే ఒక షెడ్డులో పని చేసేవాడట. అక్కడ ఊడ్చి పారేసేవన్నీ అక్క ఒంటి మీద నగలయ్యేవి. సంగతంతా విని, "గింతేనా చిన్నమ్మా? ఫికర్ జెయ్యకుండ్రి, బొమ్మలు నేను జేస్త" అని అమ్మతో చెప్పి, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

పంజాగుట్టలో పాత సామాన్ల దుకాణం దాకా నడిచాం. అక్కడ అక్క ఒక్కో వస్తువూ నా చేతికిచ్చి తిప్పి చూడమనేది. ఇదేంటి అని అడిగితే మాత్రం ఒప్పుకునేది కాదు.

"ఏంది అని అడగకు. జర ఉల్టా జేసి, గిదెవరు అని అడుగు."

చెవి పోయిన తాళం కప్పను తలకిందులు చేశాను. అబ్బో, బొజ్జేసుకుని శెట్టిగారు నిలబడ్డారు! పిడి ఊడిన కెటిల్ తొండం ఎత్తిన ఏనుగైంది. గాజు పగిలిన లాంతరు చాలాసేపు ఎవరూ కాలేదు. అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి తల వంచుకున్న పెళ్లికూతురని నేనే కనిపెట్టాను. నాకు పట్టరాని ఆనందం. అక్క దేన్నీ కొయ్యదు, దేనికీ రంగు వెయ్యదు. కట్టుతీగతో కడుతుందంతే. వాళ్ల నాన్న షెడ్డులో చుట్టలు చుట్టలుగా రాలిన ఇనప తురుము ఉంగరాల జుట్టయింది. తన చెవుల చక్రాలు తీసి పెళ్లికూతురికి పెట్టింది.

ఇంటికి తెస్తే అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఏంటమ్మాయ్ ఇది? ఇనుమును తెచ్చి దేవుడి ముందు పెడతామా?" అంది.

అక్క నొచ్చుకోలేదు. "మా బతుకమ్మను జూడుండ్రి చిన్నమ్మా. గునుగు పువ్వును గుళ్లె ఎవరన్న పెడ్తరా? గట్ల మీద మొలిచే పువ్వునే తెచ్చి పేర్చి, అమ్మా అని మొక్కుతం."

అమ్మ లోపలికి వెళ్లి పసుపు కుంకుమ తెచ్చి, లాంతరుకు బొట్టు పెట్టింది.

పేరంటానికి వచ్చినవాళ్లు మొదట మొహమొహాలు చూసుకున్నారు. ఇంతలో ఎదురింటి ఆమె, "అయ్యో, అది నేను పారేసిన కెటిలే!" అని కేక పెట్టింది. ఇంక చూసుకోండి నవ్వులు. ఎవరెవరో గుర్తుపట్టడానికి పిల్లలంతా కొలువు మీదే పడ్డారు.

కొలువు ఎత్తే రోజు ఒక బొమ్మను పడుకోబెట్టాలి, అది ఆచారం. అమ్మ లాంతరు పెళ్లికూతుర్ని పడుకోబెట్టబోతే అది నిలవక దొర్లిపోతోంది. ఇటుకముక్క అడ్డం పెట్టమన్నాను నేను. "దానికి నొప్పి పుట్టదూ?" అంటూ అమ్మ నా పాత గౌను మడతపెట్టి కింద పరిచి, పసిపిల్లకు పెట్టినట్టు అటూ ఇటూ దిండ్లు సర్ది, మెల్లగా జోకొట్టింది.

అక్క చేతిపని నాకు అబ్బలేదు. వస్తువును తిప్పి చూసే పిచ్చి మాత్రం అంటుకుంది, మా ఇంట్లోవాళ్లు దానికి ఎంత విసుక్కుంటారో వాళ్లనే అడగండి. కానీ ఎవరైనా దేన్నైనా, ఎవర్నైనా "ఇంకెందుకూ పనికిరాదు" అన్నప్పుడు నా కళ్లకు కనిపించేది అక్క కాదు. లాంతరును జోకొడుతున్న మా అమ్మ.