నైరుతి మూల గొయ్యి

మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా అగరువత్తి వెలగలేదు. అలాంటిది ఈ వేసవిలో నేనే కొట్టుకు వెళ్లి ఒక ప్యాకెట్ కొనుక్కొచ్చాను. కుట్టుగదిలో నేల మీద బోర్లా పడుకుని, గచ్చు పగులు దగ్గర ఒక పుల్ల వెలిగించి పట్టుకున్నాను. పొగ కిందికి వంగి పగులులోకి పోవాలి. పోలేదు. నిటారుగా లేచి నా కళ్లలో పడింది.

"ఏటండీ, భూదేవికి ధూపమా?" అంది మా ఆవిడ, మిషను ఆపకుండానే.

నాకు నవ్వు రాలేదు. అన్ని రోజుల పనీ వృథా అని ఆ పొగ చెబుతోంది.

రేడాన్ అనే వాయువు గురించి చదివి ఒక చిన్న మీటరు తెప్పించుకోవడంతో ఇదంతా మొదలైంది. రాళ్లలో, మట్టిలో సహజంగా ఉండే యురేనియం నుంచి ఆ వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. మూసిన గదిలో పోగుపడితే, ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మీటరు పడకగదిలో పచ్చదీపం చూపించింది. కుట్టుగదిలో రెండు నెలలు ఉంచినా ఎర్రదీపమే.

ఆ గదిలో పొద్దున్నుంచి చీకటి పడేదాకా కూర్చునేది మా ఆవిడ. వీధి రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి, ఇప్పుడు మూడు మెట్లు దిగితే గాని గదిలోకి రాలేం. చెరకు లారీల దుమ్ముకి కిటికీలు తెరవదు. నా మాట మీద రెండు రోజులు తెరిచింది. ఎవరిదో తెల్ల జాకెట్టు గోధుమరంగుకి తిరిగింది. మళ్లీ మూసింది. గది మార్చమంటే, "కొలతలివ్వడానికి ఆడాళ్లు మీ పుస్తకాల మధ్యనుంచి నడిసి రావాలా?" అంది. అదీ నిజమే.

కాబట్టి గదినే బాగుచెయ్యాలి. ఇలాంటి పని తెలిసినవాళ్లు మా చుట్టుపక్కల లేరు. వీడియోలు చూసి నేనే కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. గచ్చుకి రంధ్రం పెట్టి, కింద నుంచి రెండు బకెట్ల పూడిక తీసి, అక్కడ నాలుగంగుళాల పైపు నిలబెట్టాలి. పైపు చుట్టూ, పగుళ్లలోనూ గాలి దూరకుండా మూసెయ్యాలి. పైపుని గోడ బయటికి తీసి డాబా దాటించి, మధ్యలో ఒక ఫ్యాను బిగించాలి. ఆ ఫ్యాను ఆగకుండా తిరుగుతూ గచ్చు కింది గాలిని గదిలోకి రాకముందే లాగి పైకి వదిలేస్తుంది. అంతే.

ఆ గది కట్టిన మేస్త్రినే కె.కోటపాడు నుంచి పిలిపించాను. అంతా విని తల గోక్కున్నాడు.

"కనపడదు, వాసన రాదు, భూమిలోంచి వస్తాది, గదిలో ఉన్నోళ్లని పట్టుకుంటాది. దెయ్యమే కదా బాబూ?"

"దెయ్యానికి మీటరు లేదయ్యా. దీనికుంది."

"మీటరు లేపోతే నిమ్మకాయుంది కదండీ."

హేతువాద సభల్లో వేదికల మీద ఎంతమంది నోళ్లో మూయించినవాణ్ని, ఆ నిమ్మకాయని పక్కన పెట్టి పనిలోకి దిగాను. "సరే, ఎక్కడ తీద్దాం?" అన్నాను.

"ఈశాన్యంలో తీద్దాం. నైరుతిలో గొయ్యి తియ్యకూడదు బాబూ."

మేస్త్రి మొదటి మాట దగ్గరే ఆగి ఉంటే ఒక్క రోజులో పని అయిపోయేది. నేను సుద్దముక్క తీసుకుని నైరుతి మూలలోనే గుండ్రంగా గీత గీశాను. ఇక్కడే తియ్యి, ఏ కొంప మునుగుతుందో చూద్దాం అన్నాను. దిక్కులు మనిషి పెట్టుకున్న పేర్లని, గచ్చుకి నైరుతి తెలియదని గంటసేపు చెప్పాను. మేస్త్రి మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది.

ఉలి దిగలేదు. అద్దెకి డ్రిల్లింగు మిషను తెచ్చాం. రెండు రోజులు వీధంతా అదిరింది. చివరికి జానెడు లోతు గొయ్యి పడింది. పైపు నిలబెట్టాం, ఫ్యాను బిగించాం. పొగ నా కళ్లలోకి వచ్చింది. వారమైనా ఎర్రదీపం మారలేదు. ఫ్యాను చిన్నదేమోనని పెద్దది తెచ్చాను. ఇల్లంతా గుయ్యిమంది తప్ప పొగ వంగలేదు.

మేస్త్రిని మళ్లీ పిలిపించాను. "గచ్చు కిందంతా ఇసుక నింపానన్నావు. ఈ మూల కింద ఏముంది?"

"నైరుతి బరువుండాలి కదండీ. గది కట్టినప్పుడు మిగిలిన రాళ్లూ, కంకరా, సిమెంటూ అంతా ఆ మూలలోనే దిగ్గొట్టేను. గాలెలగ పోతాది బాబూ?"

"వాస్తు వద్దని అప్పుడే చెప్పాను కదా!"

"అందుకే మీకు సెప్పలేదు."

"మొన్నయినా రాళ్లున్నాయని చెప్పొచ్చు కదా!"

"సెప్దామనే నోరు తెరిసేను. నైరుతి అన్నానో లేదో మీరు మొదలెట్టేసేరు. గంటయ్యేసరికి నాకూ పంతమొచ్చేసింది."

మా ఆవిడ వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"నేనే ఎయ్యమన్నాను. కొత్త గది, కొత్త మిషను, భయమేసింది. మీరెప్పుడైనా ఏటి సేసేవని అడిగేరా? ఎందుకు నమ్మేవనే అడుగుతారు."

కోపం వచ్చింది. వాళ్ల మీద సగం. రుజువు లేకుండా ఏదీ ఒప్పుకోవద్దని జీవితమంతా అరిచినవాణ్ని, ఆవిడ పీల్చే గాలి దగ్గరికి వచ్చేసరికి రుజువు చూడకుండా, ఎదుటివాడు వద్దన్నాడు కాబట్టి ఒక మూల ఎంచుకున్నాను. ముందు సుత్తితో గచ్చంతా తట్టి చూసి ఉంటే సరిపోయేది. ఇసుక మీది గచ్చు ఒకలా మోగుతుంది, రాతి మీది గచ్చు ఇంకొకలా. అయిదు నిమిషాల పని.

ఈశాన్యంలో పూటలో గొయ్యి పడింది. ఇసుక చేత్తోనే వచ్చింది. పాత గొయ్యి సిమెంటుతో పూడ్చాం. ఈసారి పుల్ల మా ఆవిడే పట్టుకుంది. పొగ ఒక్క క్షణం తటపటాయించి, సూదిలోకి దారంలా పగులులోకి దూరింది. పరీక్షకని వదిలిన ఆ పగులు కూడా మూసేశాం. పదో రోజుకి మీటరు పసుపుకి, నెల తిరిగేసరికి పచ్చకి వచ్చింది. ఆ రోజు ఆవిడ మీటరు తన మిషను పక్కకి జరుపుకుంది.

మేస్త్రి మాత్రం రావికమతం దాకా చాటాడు. నైరుతి గొయ్యి పూడ్చి ఈశాన్యంలో తీసేసరికి ఆ ఇంట్లో చెడుగాలి పోయిందట. మొన్న జాకెట్టు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ పైపు కింది నుంచి పై దాకా చూసి, "ఏ సిద్ధాంతి గారు సెప్పేరండీ?" అని అడిగింది.

నేను కుర్చీలోంచి లేచాను. "అమ్మా, ఇది వాస్తు కాదు. ఆ మూల కింద రాళ్లున్నాయి..."

"కొలతలయ్యేదాకా ఆగండి," అంది మా ఆవిడ, టేపు ఆమె భుజం మీద వేస్తూ. "ఈ లోపల ఆ అగరువత్తులు లోపల పెట్టేయండి. ఆవిడ సూస్తన్నాది."